ప్రామాణిక శునకం

కొల్లిమెట్ట జిల్లా పశువైద్యశాలకి కుక్కల గుండె కొలిచే యంత్రం వచ్చిన ఏడాదే దూదేకుల నాగూరు కుక్కకి ఆయాసం వచ్చింది. కుక్క అదృష్టవంతురాలని ఆస్పత్రి వాళ్ళన్నారు. నాగూరు ఏమీ అనలేదు. అతను మామూలుగానే ఏమీ అనడు. పొద్దస్తమానం దూది ఏకే విల్లు చప్పుడులో పక్క మనిషి మాట వినపడదు. వినపడని చోట మాట్లాడి లాభం లేదని చిన్నప్పుడే తెలుసుకున్నాడు.

ఆ కుక్క పేరు దూది. ఒళ్ళంతా కాటుక నలుపు. పరుపులు కుట్టే కొట్టంలో, బూరుగు దూది కుప్ప మీద కళ్ళు తెరిచింది గనక ఆ పేరు పెట్టారు. నాగూరు భార్య మస్తాన్‌బీ దాన్ని గడప దాటి ఇంట్లోకి రానిచ్చేది కాదు. గడప అవతల కూర్చోబెట్టి, తన కంచంలో ముద్దలు మాత్రం సగం దానికే పెట్టేది.

నాగూరు సైకిలుకి విల్లు కట్టుకుని ఊళ్ళో తిరిగేవాడు. దూది వెనకాల పరిగెత్తేది. మొదట చిన్న దగ్గు పట్టుకుంది. తర్వాత సందు చివరిదాకా వచ్చి కూలబడిపోవడం మొదలెట్టింది. ఒకరోజు నాగూరు ఇంటికి తిరిగొస్తుంటే ఎదురొచ్చి, తోక ఊపుతూ ఊపుతూనే పక్కకి ఒరిగి పడిపోయింది. నాలుక నీలం తిరిగింది. కాసేపటికి లేచి, ఏదో తప్పు చేసినట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

మస్తాన్‌బీ గుమ్మంలోంచి చూసింది. "ఆస్పత్రికి తీసకపో. ఇది పోతే నువ్వు మాట్టాడేదానికి ఎవురూ ఉండరు. నాతో ఎట్టాగూ మాట్టాడవు," అంది.

పశువైద్యశాలలో హైమావతి అని కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. దూదిని పక్కకి పడుకోబెట్టి, డొక్క మీద జిగురు రాసి, యంత్రం గొట్టం ఆనించి చాలాసేపు చూసింది. గుండె కుడి పక్కన నెత్తురు ఎంత జోరుగా వెనక్కి తన్నుతోందో ఆ యంత్రం అంకెలో చెబుతుంది. ఆ జోరును బట్టి ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎంతుందో తెలుస్తుంది. అంకె మూడున్నర దాటితే జబ్బు. దూదికి నాలుగు దగ్గరికి వచ్చింది. బిళ్ళలున్నాయి, వేస్తే ఆయాసం నిమ్మళిస్తుంది, కానీ ఆపకుండా వెయ్యాలి అని చెప్పింది డాక్టరమ్మ. ఆ బిళ్ళలు బయట దొరకవు, ఆస్పత్రి మందుల కిటికీలోనే ఇస్తారు. ఆమె చీటీ రాసివ్వబోతుంటే అటెండరు ఏసోబు వచ్చి, చీటీలు ఆపమని పెద్దసారు చెప్పమన్నారన్నాడు.

పెద్దసారంటే సూపరింటెండెంటు డాక్టర్ భుజంగరావు. పైనుంచి ఆయనకి ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో పెద్ద సభలో ఎవరో చదువుకున్నాయన లేచి, ఒకే కుక్క గుండెని ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వస్తున్నాయి, ఒకరే రెండుసార్లు కొలిచినా తేడా వస్తోంది, అందుచేత జాగ్రత్తగా కొలవండి అన్నాడట. ఆయన చెప్పింది నిజమే. పైవాళ్ళు ఆ నిజాన్ని తీసుకుని ఉత్తర్వు చేశారు. భుజంగరావు దాన్ని వరండాలో నిలబడి చదివి వినిపించాడు.

"ఏ శునకమునకు సంబంధించియైనను ముగ్గురు కొలతదారుల అంకెలు పరస్పరము ఏకీభవించనిదే సదరు శునకమును రోగిగా పరిగణించరాదు. ఔషధ పంపిణీ చేయరాదు."

సరేనని డాక్టర్ పరాంకుశం కొలిచాడు. ఆయన ఆ ఆస్పత్రిలో సీనియరు. ఆయనకి మూడుంపావు వచ్చింది. భుజంగరావు స్వయంగా కొలిచాడు. న్యాయంగా ఉండాలని ఆ ఇద్దరి అంకెలకీ మధ్యలో ఒకటి తెచ్చుకున్నాడు. ముగ్గురివీ మూడు అంకెలయ్యాయి. దూది బల్ల మీద పడుకుని రొప్పుతోంది.

"ఏకీభవించాక రావయ్యా," అన్నాడు భుజంగరావు.

"ఎవురు?" అన్నాడు నాగూరు.

ఆ ప్రశ్నకి ఉత్తర్వులో జవాబు లేకపోవడంతో భుజంగరావు దాన్ని పైకి రాసి పంపాడు.

తర్వాతి వారం నాగూరు దూదిని సైకిలు ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని వచ్చేసరికి గదిలో తెరలు కట్టి ఉన్నాయి. ఒకరి అంకె ఒకరు చూసి రాసుకోకుండా డాక్టర్లు ముగ్గురూ మూడు తెరల వెనక కూర్చోవాలట. అది సబబుగానే ఉందని హైమావతి కూడా ఒప్పుకుంది. అయితే కుక్క రొప్పడం కళ్ళారా చూసిన డాక్టరు జాలిపడి అంకె పెంచే ప్రమాదముందని భుజంగరావుకి తోచింది. అందుకని కుక్కకీ డాక్టరుకీ మధ్య కూడా తెర కట్టించాడు. తెరకి ఒక కంత పెట్టారు. డాక్టరు అందులోంచి చెయ్యి మాత్రం బయటికి పెడతాడు, ఏసోబు ఆ చేతిని కుక్క డొక్క దగ్గరికి చేరుస్తాడు.

పని సాఫీగానే సాగింది. మధ్యలో ఒకసారి దూది బల్ల దిగిపోతుంటే ఏసోబు వంగి పట్టుకోబోయాడు. అదే అదనుకి పరాంకుశం చెయ్యి వచ్చి ఏసోబు పొట్ట మీద ఆనింది. పరాంకుశం శ్రద్ధగా కొలిచాడు. అంకె వచ్చింది. ఆ రోజు మొత్తంలో మిగతా ఇద్దరి అంకెలకీ దగ్గరగా వచ్చింది అదొక్కటే. "ఈ జంతువు బాగా సహకరిస్తోంది, కాకపోతే బొచ్చు తక్కువ," అని తెర వెనకనుంచి ఆయన రాయించాడు. ఏసోబు పై అధికారికి ఎదురు చెప్పే మనిషి కాదు గనక అట్టాగే పడుకుని ఉన్నాడు.

అయినా దూది అంకెలు కలవలేదు. కలవకపోవడానికి కారణం తేల్చమని ఒక కమిటీ వేశారు. పరాంకుశం దానికి అధ్యక్షుడు. తప్పు డాక్టర్లలో కొంత, యంత్రంలో కొంత ఉందనీ, ఎక్కువ భాగం మాత్రం కుక్కలో ఉందనీ కమిటీ తేల్చింది. కుక్క ఊపిరి పీలుస్తోంది. పీల్చినప్పుడు ఒక అంకె, వదిలినప్పుడు ఒక అంకె వస్తున్నాయి. ఆయాసమున్న కుక్కలు మరీ ఎక్కువగా పీలుస్తున్నాయి. అంటే ఏ కుక్కల్ని కొలవడం ముఖ్యమో ఆ కుక్కలే కొలతకి అడ్డు తగులుతున్నాయి. నివేదిక ఈ విషయాన్ని విచారంతో గమనించింది. కొలత సమయంలో శునకములు శ్వాసను నిలిపి యుంచునట్లు యజమానులు తగు తర్ఫీదు ఇవ్వవలెనని సిఫారసు చేసింది.

తర్ఫీదు ఆస్పత్రి ఆవరణలోనే పెట్టారు. పరాంకుశం మెడలో ఈల వేసుకుని నిలబడ్డాడు. ప్లీడరు గారి బొచ్చుకుక్క, మాంసం కొట్టు మీరావలి బొంతకుక్క, ఊళ్ళో ఇంకా దగ్గే కుక్కలన్నీ యజమానుల పక్కన బారు తీరాయి. ఈల వేస్తే ఊపిరి బిగబట్టాలి, మళ్ళీ వేస్తే వదలాలి. యజమానులు ముందు తాము చేసి చూపించాలి. ప్లీడరు గారు మొహం కందగడ్డ చేసుకుని చూపించారు. కుక్కలు ఆయన్ని ఆసక్తిగా చూశాయి.

దూది కూడా నాగూరు మొహంలోకి చూసింది. అతను ఊపిరి బిగబట్టడం దానికి నచ్చలేదు. లేచి అతని దగ్గరికి నాలుగడుగులు వేసి, మీద కాళ్ళు వెయ్యబోయి, అట్టాగే నేల మీదికి జారిపోయింది. కదలిక లేదు.

పరాంకుశం ఈల నోట్లోంచి తీశాడు. "చూశారా, దూదేకుల సాయిబు కుక్కకి ఒక్క పాఠంలో వచ్చేసింది," అని మిగతా యజమానులకి చూపించాడు.

హైమావతి పరిగెత్తుకొచ్చి, దూదిని రెండు చేతుల మీద ఎత్తి నీడకి తీసుకుపోయింది. చాలాసేపటికి దూది కళ్ళు తెరిచింది. ఇట్టా ఇంకెన్నిసార్లు లేస్తుందో తనకి తెలియదని, బిళ్ళ పడకపోతే ఒకరోజు లేవదని ఆ డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మందుల బీరువా తాళం తన దగ్గర లేదని కూడా చెప్పింది. నాగూరు తల ఊపాడు. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి పోయాడు. ఎక్కి తొక్కితే బుట్ట ఎగురుతుందని.

ఈ చిక్కుని విప్పింది జమీందారు.

జమీందారు ఆస్పత్రి మెట్ల మీద పడుకునే ఊరకుక్క. గోధుమరంగు మగకుక్క. ఎండొస్తే నీడకి, నీడొస్తే ఎండకి జరగడం తప్ప దానికి వేరే పని లేదు. ఆ బద్ధకం చూసి ఆస్పత్రి వాళ్ళే ఆ పేరు పెట్టారు. ఒకరోజు యంత్రం పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఏసోబు దాన్ని ఎత్తి బల్ల మీద వేశాడు. ముగ్గురూ కొలిచారు. ముగ్గురికీ ఒకే అంకె వచ్చింది. నమ్మలేక మళ్ళీ కొలిచారు. అదే అంకె. జమీందారు మధ్యలో ఒకసారి ఆవలించింది. అయినా అంకె చెక్కు చెదరలేదు. భుజంగరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. ఆ కుక్కని ప్రామాణిక శునకముగా గుర్తించడమైనది. ఇకపై జిల్లాలో ఏ శునకమునకు గుండె కొలత అవసరమైనను, కొలతదారులు ప్రామాణిక శునకమునే కొలిచి, వచ్చిన అంకెను సదరు శునకము పేర నమోదు చేయవలెను.

నాగూరు ఇది విని భుజంగరావు దగ్గరికి పోయాడు. "ఆయాసం నా కుక్కకి గదయ్యా," అన్నాడు.

భుజంగరావు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి ఓపిగ్గా చెప్పాడు. "చూడు నాగూరూ. నీ కుక్కని కొలిస్తే ముగ్గురం మూడు అంకెలు చెబుతాం. అందులో ఏది నమ్ముతావు? ఈ కుక్కని కొలిస్తే ముగ్గురం ఒకటే మాట. నీకు నీ కుక్క అంకె కావాలా, నమ్మకమైన అంకె కావాలా?"

నాగూరుకి కావలసింది బిళ్ళ. ఆ సంగతి చెప్పాడు. నమ్మకమైన అంకె ప్రకారం దూది ఆరోగ్యం భేషుగ్గా ఉందనీ, ఆరోగ్యవంతమైన కుక్కకి మందిస్తే ఆడిట్లో పట్టుకుంటారనీ భుజంగరావు చెప్పి, సంతకం పెట్టిన ఆరోగ్యపత్రం చేతిలో పెట్టాడు. మస్తాన్‌బీ దాన్ని తీసుకుపోయి దూది ముందు పెట్టింది. దూది వాసన చూసి దగ్గింది.

ఆ నెలాఖరుకి కొల్లిమెట్ట జిల్లాలో ఆ జబ్బు ఒక్క కుక్కకీ లేకుండా పోయింది. మిగతా జిల్లాల వాళ్ళు వచ్చి చూసి పోయారు. రాజధాని నుంచి జాయింటు డైరెక్టరు తనిఖీకి వస్తున్నాడని, నచ్చితే ఈ పద్ధతిని రాష్ట్రమంతా పెడతారని కబురొచ్చింది. ప్రామాణిక శునకానికి పాలు, గుడ్లు మంజూరయ్యాయి. విడిగా గది ఇచ్చారు. గచ్చు మీద పడుకుంటే చలికి అంకె మారుతుందేమోనని మెత్తటి పరుపు చేయించాలనుకున్నారు. పరుపంటే ఊళ్ళో నాగూరే.

నాగూరు పరుపు కుట్టాడు. పని పనే. బూరుగు దూది ఏకి, మూలలు బిగించి, తనిఖీ నాటి పొద్దున పరుపుని చుట్టి సైకిలు మీద వేశాడు. దూదిని ఇంటి దగ్గర వదిలేస్తే తన వెనకాల పరిగెత్తబోయి పడిపోతుంది. అందుకని దాన్ని ముందు బుట్టలో పెట్టుకున్నాడు.

ఆస్పత్రిలో అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. ప్రామాణిక శునకం కనపడటం లేదు. అంత చదివిన ముగ్గురూ ఒక మగకుక్కని ప్రమాణంగా పెట్టుకునేటప్పుడు పంచాంగం చూసుకోలేదు. చిత్త కార్తె వచ్చింది. పాలు, గుడ్లు తిని ఒంట్లో ఎన్నడూ లేని హుషారు పుట్టిన జమీందారు, తెల్లారేసరికి గోడ దూకి ఊళ్ళో కుక్కల గుంపుతో కలిసి పోయింది. ఏసోబు బిస్కెట్లు పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. దూరం నుంచి ఒకసారి కనిపించిందట. పిలిస్తే, ఎవరో తెలియనట్టు చూసిందట.

ఇదేమీ నాగూరుకి తెలియదు. చెప్పిన గదిలోకి పోయి పరుపు పరిచాడు. దూది వెంట వచ్చింది. కొట్టంలోని బూరుగు దూది వాసన అక్కడ తగిలేసరికి, పరుపు మధ్యకి పోయి చుట్టలు చుట్టుకుని పడుకుంది. అదే క్షణంలో వాకిట్లో జీపు ఆగింది.

జాయింటు డైరెక్టరు ముక్కుసూటి మనిషి. నేరుగా గదిలోకి వచ్చి, "ఇదేనా?" అన్నాడు. భుజంగరావు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. జాయింటు డైరెక్టరు ఫైలు తెప్పించి గుర్తులు సరిచూశాడు. జాతి దేశవాళీ. కాళ్ళు నాలుగు. తోక ఒకటి. స్వభావం నెమ్మది. అన్నీ సరిపోయాయి. రంగు రాయడానికి ఫారంలో గడి లేదు. లింగం అన్న చోట 'కలదు' అని ఉంది.

"ఆనవాళ్ళు పక్కాగా ఉన్నాయి. కానివ్వండి," అన్నాడాయన.

తెరలు దించారు. ముగ్గురూ కంతల్లోంచి చేతులు పెట్టారు. దూది మామూలుగా అయితే బల్ల మీద బెదిరి రొప్పేది. ఇక్కడ తన పరుపుంది, ఎదురుగా నాగూరున్నాడు. కదిలే ఓపిక కూడా లేదు. మెల్లగా కళ్ళు మూసుకుంది. మూడు తెరల వెనక నుంచి మూడు చీటీలు వచ్చాయి. మూడింటిలోనూ నాలుగుంపావు అనే ఉంది. ఈసారి ఎవరూ ఎవరిదీ చూడలేదు. ఎవరూ మధ్యలో అంకె వెతుక్కోలేదు.

ఇంతటి ఏకీభావం తన సర్వీసులో ఎరగనని జాయింటు డైరెక్టరు అన్నాడు. అక్కడికక్కడే దాన్ని జిల్లా అంకెగా ఖాయం చేసి సంతకం పెట్టాడు. ఆ సంతకంతో కొల్లిమెట్ట జిల్లాలో నమోదైన కుక్కలన్నిటికీ ఒకేసారి ఊపిరితిత్తుల రక్తపోటు వచ్చింది.

జాయింటు డైరెక్టరు జీపు వైపు నడిచాక హైమావతి తెర పక్కకి లాగి బయటికొచ్చింది. "సార్, ఇది దూది. నాగూరు కుక్క. దీనికే జబ్బు," అంది.

భుజంగరావు జీపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అప్పటికి ఆయనకి మాట వచ్చింది, సిద్ధాంతం కూడా వచ్చింది. "డాక్టరమ్మా, జబ్బనేది కొలతని బట్టి ఉంటుంది. కొలతకి జబ్బేమిటి? కిలో రాయికి జ్వరం వస్తుందా?" అన్నాడు.

మర్నాటి నుంచి యుద్ధప్రాతిపదికన పని మొదలైంది. లారీలో బిళ్ళలు దిగాయి. ఇంటింటికీ కబుర్లు పోయాయి. నిక్షేపంలా ఉన్న కుక్కలన్నిటినీ పట్టుకొచ్చి బిళ్ళలిచ్చారు. ఒక్క ప్రామాణిక శునకానికి మాత్రం మందు నిషేధం. మందు వేస్తే అంకె మారుతుంది. అంకె మారితే జిల్లాలో కుక్కలన్నిటి వైద్యమూ తలకిందులవుతుంది. దూదిని లోపలే ఉంచి ఆ గదికి తాళం వేసి, 'ఔషధములు లోనికి తీసుకొనిపోరాదు' అని బోర్డు పెట్టారు.

నాగూరు తన కుక్కని తను తీసుకుపోతానని అడగడానికి వెళ్ళాడు. అది ప్రభుత్వ కొలత, కదపడానికి వీల్లేదన్నారు. మరి నా కుక్కేదని అడిగాడు. పరాంకుశం రికార్డు తిప్పి చూశాడు. దూది, ఆడది, యజమాని నాగూరు, జబ్బు ఖాయం, ఇంటి దగ్గర ఉంచి మందు వాడవలెను అని ఉంది. "నీ కుక్క ఇంటి దగ్గరుందయ్యా," అన్నాడు పరాంకుశం. ఇంటి దగ్గర లేదన్నాడు నాగూరు. లేకపోతే పోలీసు స్టేషన్లో చెప్పుకోమని, ముందు కిటికీ దగ్గరికి పోయి దాని వంతు బిళ్ళలు తీసుకొమ్మని పంపించాడు.

కిటికీలో కాంపౌండరు నెలకి సరిపడా బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇవి నీ కుక్కకే వెయ్యాలి, పొరపాటున కూడా ప్రామాణిక శునకానికి వెయ్యకూడదు, వేస్తే కేసవుతుంది అని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. సంతకం వచ్చన్నా వినలేదు.

నాగూరు ఇంటికొచ్చి బిళ్ళల పొట్లాన్ని మస్తాన్‌బీ ముందు పెట్టి, జరిగింది చెప్పాడు. అతను అంత పొడుగు మాట చెప్పడం పెళ్ళయ్యాక అదే మొదలు.

"ఇదేం లెక్క? జబ్బు దాన్ని కొట్లో పెట్టి, మందు నీ చేతిలో పెట్టారా?" అంది. పొట్లం విప్పి బిళ్ళలు చూసింది. "పరుపు పేరు మీద ఏదో ఒక వంక చెప్పు. నీ పరుపుని నువ్వు చూసుకుంటానంటే కాదంటారా?"

కాదనలేదు. కొత్త పరుపులో దూది ఉండకట్టకుండా రోజూ సర్దాలని నాగూరు చెబితే భుజంగరావు మెచ్చుకున్నాడు. పరుపు ఎగుడు దిగుడైతే అంకె మీద ప్రభావం పడుతుందని తనే కారణం కూడా రాసుకున్నాడు. నాగూరు పొద్దునా సాయంత్రం పోయేవాడు. ఏసోబు తాళం తీసి, ఏదో గుర్తొచ్చినట్టు పెరట్లోకి నడిచేవాడు. నాగూరు నాలుగు దెబ్బలు వేసి పరుపు సర్దేవాడు. మస్తాన్‌బీ ఇచ్చిన రొట్టెముక్కలో బిళ్ళ పెట్టి దూది నోటికి అందించేవాడు. మొదట్లో దూది లేచి రాలేక తోక మాత్రం ఆడించేది. కొన్నాళ్ళకి తలెత్తి చూసింది. ఇంకొన్నాళ్ళకి గుమ్మందాకా ఎదురొచ్చింది, పడిపోలేదు. నాగూరు దాన్ని మళ్ళీ పరుపు మీదికి తోసి, అట్టా నడవొద్దని చెవిలో చెప్పాడు.

కొలత రోజు వచ్చింది. ముగ్గురికీ అంకె మూడే వచ్చింది. జిల్లాలో కుక్కలన్నిటికీ ఒకే రోజు, ఒకే మోతాదులో నయమైపోతోందని భుజంగరావు పైకి రాశాడు. శాలువా వస్తుందనుకున్నాడు. జాయింటు డైరెక్టరు వచ్చాడు.

"కుక్కలు బాగుపడితే నాకు సంతోషమే. ప్రామాణిక శునకం ఎట్లా బాగుపడుతుంది? కదిలే ప్రమాణం ప్రమాణమా?" అన్నాడు.

విచారణ వరండాలో పెట్టారు. ప్రభుత్వ కొలతని పాడుచేసింది ఎవరో తేలాలి. పరాంకుశం వేలు హైమావతి మీదికి తిప్పాడు. ఆ కుక్కకి జబ్బని మొదట్నుంచీ అంటున్నది ఆవిడేనని, తన మాట నెగ్గించుకోడానికి మందు వేసి ఉంటుందని గుర్తుచేశాడు. ఆవిడ తను వెయ్యలేదంది. వెయ్యవలసింది, వెయ్యలేకపోయానంది. అది ఒప్పుకోలు కింద రాసుకోవచ్చా అని గుమాస్తా అడిగాడు. జాయింటు డైరెక్టరు బదిలీ కాగితం తెమ్మన్నాడు.

నాగూరు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. చెబితే బిళ్ళలు పోతాయి. బిళ్ళలు పోతే దూది మళ్ళీ పడిపోతుంది, ఈసారి లేవదు. చెప్పకపోతే, దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని నీడకి మోసుకుపోయిన మనిషి ఊరు దాటి పోతుంది. అతను కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు.

"నేనేశా," అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. ఎందుకు వేశావని జాయింటు డైరెక్టరు అడిగాడు.

"ఆయాసపడతా ఉందయ్యా."

ఈ కారణం ఏ నిబంధన కిందికి వస్తుందో చాలాసేపు వెతికారు. దొరకలేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత జాయింటు డైరెక్టరు తీర్పు చెప్పి రాయించాడు. సదరు శునకము ఔషధస్పర్శచే కలుషితమైనందున ప్రామాణిక పదవి నుండి తొలగించడమైనది. ఇకపై అది ఎట్టి కొలతకును పనికిరాదు. దానిని నేరస్థుడు తన సొంత ఖర్చుతో, ఈ రోజే, ఆవరణ నుండి తొలగించవలెను. మళ్ళీ ఎన్నడూ ఈ ఛాయలకి తీసుకురారాదు. కొత్త ప్రామాణిక శునకమును ఎంపిక చేయుటకు కమిటీ వేయడమైనది. కమిటీ నివేదిక వచ్చువరకు, కలుషితము కాకముందు నమోదైన నాలుగుంపావు అంకెయే జిల్లాలోని సమస్త శునకములకు వర్తించును. తదనుగుణముగా ఔషధ పంపిణీ యథాతథముగా కొనసాగించవలెను.

ఇంత కఠినంగా ఉంటుందని అనుకోలేదని భుజంగరావు నాగూరు భుజం తట్టాడు. నాగూరు తల వంచుకుని నిలబడ్డాడు. తల ఎత్తితే మొహం కనపడుతుంది. ఏసోబు తాళం తీశాడు. దూది తనంతట తనే నడిచొచ్చి సైకిలు పక్కన నిలబడింది. హైమావతి బుట్టలో కూర్చోబెట్టడానికి సాయం పట్టి, దాని డొక్క మీద చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచింది. యంత్రం లేకుండానే.

కమిటీ ఇప్పటికీ వెతుకుతోంది. ఊపిరి పీల్చినా అంకె మారని కుక్క, చిత్త కార్తెలో గోడ దూకని కుక్క కావాలట. పరాంకుశం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుతున్నాడు. జిల్లాలో మిగతా కుక్కలు బిళ్ళలు ఉమ్మేసి హాయిగా మొరుగుతున్నాయి. దూది సందు చివరిదాకా సైకిలు వెనక నడుస్తుంది, అక్కడ బుట్ట ఎక్కుతుంది. రాత్రిళ్ళు గడప ఇవతలే పడుకుంటోంది. మస్తాన్‌బీ చూసీ చూడనట్టుంటుంది.

నెల మొదట్లో నాగూరు ఒక్కడే ఆస్పత్రి కిటికీ దగ్గరికి పోతాడు. పొట్లం ఇచ్చే ముందు రోగి పరిస్థితి అడిగి రాసుకోవాలని కాంపౌండరుకి ఆదేశం. తగ్గిందంటే మందు ఆపాలి. ఎక్కువైందంటే కుక్కని కొలతకి తీసుకురావాలి. కాంపౌండరు కలం తీసి, తల ఎత్తకుండా, కుక్క ఎట్టా ఉందని అడుగుతాడు.

"మీరు రాసినట్టే ఉందయ్యా," అంటాడు నాగూరు.

కాంపౌండరు రాసుకుని పొట్లం ఇస్తాడు.